దోన్యా కాసిల్దా ఇంటి ఫైర్‌వాల్

నసారియో ఆ ఉదయం తినడం ముగించలేదు.

కోర్దొబాలోని ఆ ఇంటికి కిటికీలన్నీ మూసి, కర్టెన్లు దించి ఉన్నాయి. గుమ్మంలో ఇద్దరు గార్డులు, మేడమీద ఒకడు. నసారియో మొక్కజొన్న రొట్టెను చిక్కుడు గింజల గిన్నెలో ముంచాడు. ఎదురింటి మేడమీద నుంచి వచ్చిన తూటా కర్టెన్‌కు ఒకే ఒక్క చిల్లు పెట్టి, తిన్నగా అతని గుండెలోకి దిగింది. గార్డులు లోపలికి పరిగెత్తేసరికి రొట్టె ముక్క ఇంకా అతని వేళ్ళ మధ్యనే ఉంది.

వెరక్రూజ్ రేవు గుండా ఆయుధాలు దాటించే విదేశీ ముఠా ఒకటి ఉంది. దాని వెంటపడ్డ గూఢచారి ఆఫీసులో దాన్ని నీటికాకి అంటారు. ఆ ముఠా గురించి కోర్టులో నోరు విప్పడానికి ఒప్పుకున్నవాళ్ళు ఇద్దరే. ఇప్పుడు ఒక్కడు మిగిలాడు.

ఏజెంట్ ఫెర్మిన్ బర్రాదాస్‌కు కబురు వెళ్ళింది. హలాపాలో ఆఫీసు ఒక పళ్ళ ఆసుపత్రి వెనక గదిలో నడుస్తుంది. పక్కగదిలో డ్రిల్లు గీపెడుతున్నంతసేపూ అక్కడి మాటలు బయటకు వినబడవు. డ్రిల్లు ఆగితే మాటలూ ఆగాలి. అందుకే అక్కడ ఎవరూ పొడుగ్గా మాట్లాడరు.

చీఫ్ ఇరాసెమా నవ్వగా ఫెర్మిన్ ఎన్నడూ చూడలేదు. ఆ రోజు ఆమె ముఖం మరీ రాయిలా ఉంది.

"కర్టెన్ మూసే ఉంది. కుర్చీ ఎక్కడుందో వాడికెలా తెలిసింది?"

"ఆ గదిలో టీవీ ఉందా మేడమ్?"

"ఎవరింట్లో లేదు?"

"కెమెరా ఉన్న టీవీయా?"

డ్రిల్లు ఆగింది. ఇరాసెమా కాఫీ కప్పు కేసి చూస్తూ కూర్చుంది. డ్రిల్లు మళ్ళీ మొదలయ్యాక, ఉందని తలూపింది.

అదే జరిగింది. గార్డులు లోపలికి వచ్చే ప్రతి మనిషినీ తడిమి చూశారు. లోపల్నుంచి బయటకు పోయేదాన్ని ఒక్కరూ చూడలేదు. గోడకున్న టీవీ రోజంతా భోజనాల బల్లను చూస్తూ, చూసింది చూసినట్టు ఇంటర్నెట్‌లో ముఠాకు చేరవేసింది.

మిగిలిన సాక్షి రొసెందో. రేవులో క్రేన్ సూపర్‌వైజర్. ముఠా నాయకుణ్ణి కళ్ళారా చూసినవాడు, పేరు తెలిసినవాడు. గురువారం సాయంత్రం ఆరింటికి రాజధానిలోని జడ్జి అతని సాక్ష్యం వీడియోలో వింటాడు. రోడ్డుమీద తీసుకెళ్తే దారిలోనే చంపేస్తారు. పేరు రికార్డయిపోయాక చంపితే వాళ్ళకొచ్చే లాభమేం లేదు. అప్పటిదాకా అతన్ని బతికించాలి. హలాపాలో మూడిళ్ళు సిద్ధం చేశారు. రెండిళ్ళలో పోలీసులే సాక్షుల్లా నటిస్తూ కూర్చుంటారు. రొసెందో మూడో ఇంట్లో, తనను పెంచిన మేనత్త దగ్గరుంటాడు. ఆ ఇల్లేదో ఇరాసెమాకూ ఫెర్మిన్‌కూ తప్ప ఎవరికీ తెలియదు.

"మిరేయాకి కూడానా?" అన్నాడు ఫెర్మిన్.

మిరేయా నాలుగేళ్ళుగా నీటికాకి ముఠాలో ఉంటూ, వాళ్ళ రహస్యాలు ఈ ఆఫీసుకు అందిస్తున్న మనిషి. ఆమె నడిచి వెళ్తే వీధిలో ట్రాఫిక్ నెమ్మదిస్తుందని ఆఫీసులో జోకు.

"ఆమెకి మూడు ఇళ్ళూ తెలుసు. మనిషి ఎందులో ఉన్నాడో తెలీదు. మూడింటికీ పండగ కానుకలు పట్టుకెళ్ళి, ఎవరైనా మాటేశారేమో చూసొస్తుంది. నీ పని వేరు. ఇంట్లోంచి ఒక్క మాట బయటకు పోకూడదు."

ఫెర్మిన్ కొత్త రౌటర్ కొనడానికి అనుమతి అడిగాడు. ఇరాసెమా ఇవ్వలేదు. ఊళ్ళో అవి అమ్మే కొట్లలో ముఠావాళ్ళు చేతులు పెట్టారని కబురుంది. కొత్తది ఏదీ ఆ ఇంటి గడప తొక్కడానికి వీల్లేదంది.

"అయితే పాతదే చూస్తాను," అని లేచాడు ఫెర్మిన్.

*

పొసాదా పండగకు దీపాలు కట్టే ఎలక్ట్రీషియన్ వేషంలో, భుజాన వైర్ల చుట్టతో ఫెర్మిన్ ఆ ఇంటికి వెళ్ళాడు. చిపిచిపి తుంపర పడుతోంది. రొసెందో మేనత్త దోన్యా కాసిల్దా తలుపు సగమే తీసింది. ఆమె మీద శాలువా, చేతిలో జపమాల ఉన్నాయి. కళ్ళలో ఆదరణ మాత్రం లేదు.

"కాఫీ తోటలో చలిగా ఉందా అమ్మా?" అన్నాడు ఫెర్మిన్. అది కోడ్.

"పొగమంచుకే స్వెటర్ కావాలి," అని విసుగ్గా జవాబిచ్చింది. "ఇలాంటి పిచ్చి మాటలు నాచేత బట్టీ పట్టించారు. లోపలికి రా. చెప్పులు తుడుచుకో."

క్రిస్మస్ ముందు తొమ్మిది సాయంత్రాలూ వీధిజనం కొవ్వొత్తులు పట్టుకుని ఒక్కో ఇంటి ముందు నిలబడి, మరియమ్మకూ యోసేపుకూ చోటిమ్మని పాడతారు. లోపలున్నవాళ్ళు చోటు లేదు పొమ్మని పాడతారు. చివరికి తలుపు తీస్తారు. అదే పొసాదా. ఈ ఏడు గురువారం కాసిల్దా వంతు. మానుకోమని ఇరాసెమా ముందే కబురంపింది. ముప్పై ఏళ్ళుగా మూయని ఇల్లు ఈ ఏడాది మూస్తే వీధంతా ఎందుకని అడుగుతుంది, అప్పుడు మీరే జవాబు చెప్పుకోండని ఆమె తిరుగు కబురంపింది. ఇరాసెమా ఒప్పుకోక తప్పలేదు.

ఫెర్మిన్ ఇల్లంతా వెతికాడు. బట్టలుతికే గదిలో, నీళ్ళ తొట్టి పక్కన, అల్లిన గుడ్డ కప్పుకుని ఒక పాత కంప్యూటర్ కనిపించింది. కాసిల్దా భర్త దోన్ హిలారియోది. చర్చి గాయక బృందం పాటలన్నీ ఆయన అందులోనే టైపు చేసేవాడు. ఆయన పోయాక దాన్నెవరూ ముట్టుకోలేదు. ఏ ముఠా చెయ్యీ పడనిదంటే ఇదే.

"దాన్ని తుడిచేస్తావా? ఆయన పాటలున్నాయందులో," అంది కాసిల్దా.

ఫెర్మిన్ పెట్టె విప్పి, దుమ్మూ ఎండిన బొద్దింకలూ ఊది, పాత డిస్క్‌ను ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆఫీసులో వాడిన వేరే డిస్క్ తన సంచీలోంచి తీసి బిగించాడు. ఆమె ఆ డిస్క్‌ను శాలువా అంచుతో తుడిచి లోపలికి తీసుకెళ్ళింది. కాఫీ ఇవ్వలేదు గానీ, ఆ తర్వాత అరవడం కాస్త తగ్గించింది.

పని మరీ కష్టమైనది కాదు. ఓపిక కావాలి. ఇంట్లోకి ఇంటర్నెట్ తెచ్చే మోడెం ఒకవైపు, ఇంట్లోని వైఫై పెట్టె మరోవైపు, వాటి మధ్య ఈ కంప్యూటర్. దానికి రెండు నెట్‌వర్క్ కార్డులుండాలి. ఒకటి వీధికేసి, ఒకటి ఇంటికేసి. ఒకటే ఉంది, రెండోదీ సంచీలోంచే తీసి ఫెర్మిన్ బిగించాడు. ఫైర్‌వాల్ ప్రోగ్రాం ఎక్కించాడు. ఇక ఇంట్లోంచి పోయే ప్రతి మాటా, ఇంట్లోకి వచ్చే ప్రతి మాటా ఈ పాతపెట్టె ముందు ఆగి, అనుమతి అడగాల్సిందే.

కాసిల్దా గుమ్మంలో నిలబడి చూస్తూ, ఇదేం చేస్తుందని అడిగింది.

"పొసాదాలో తలుపు లోపల నిలబడి పాడేవాళ్ళు లేరా? అదే పని. చోటు లేదు పొమ్మంటుంది."

"చివర్లో తీస్తుందా?"

"తియ్యదు."

"అయితే అది పొసాదా కాదు బాబూ, ఉత్త గోడ," అని ఆమె వంటగదిలోకి వెళ్ళిపోయింది.

ఫెర్మిన్ నియమాలు రాశాడు. లోపలికి ఏదీ రాదు. జడ్జిగారి గదికి తప్ప బయటకు ఏదీ పోదు. ఎంటర్ కొట్టి తెర చూసి నివ్వెరపోయాడు. ఆ ఇంటి వైఫైలో ముగ్గురు మనుషుల ఫోన్లు కాదు, ముప్పైకి పైగా ఉన్నాయి.

పాస్‌వర్డ్ ఎంతమందికి చెప్పారని కాసిల్దాను అడిగాడు.

"అడిగినవాళ్ళకే," అంది ఆమె.

వీధి వీధంతా ఆమె ఇంటర్నెట్ మీదే బతుకుతోంది. పొరుగువాళ్ళు నీళ్ళడిగితే ఇవ్వమా, ఇదీ అంతే కదా అని ఆమె వాదన. ఫెర్మిన్ పాస్‌వర్డ్ మార్చేసి, ఇది దేవుడడిగినా చెప్పొద్దని గట్టిగా చెప్పాడు. ఆమె శిలువ గుర్తు వేసుకుని, ఆ మాట వెనక్కి తీసుకోమంది. తీసుకున్నాడు.

లోపలి గదిలో ఉన్న రొసెందోకు ఇవేవీ నచ్చలేదు. ఫుట్‌బాల్ రావడం లేదు, పాటలు రావడం లేదు. అతను వచ్చి ఫెర్మిన్ మొహంలో మొహం పెట్టి నిలబడ్డాడు.

"వాళ్ళు నన్ను ఒకేసారి చంపుతారు. నువ్వు రోజంతా చంపుతున్నావు."

"నసారియో కూడా టీవీ చూసేవాడు," అన్నాడు ఫెర్మిన్. రొసెందో తలుపు ధడాల్న వేసుకున్నాడు.

*

మర్నాడు మధ్యాహ్నం మిరేయా వచ్చింది. పొడవాటి ఎర్రకోటు, ఎత్తు మడమల జోళ్ళు, తుంపరలోనూ చెదరని జుట్టు. ఆమె వచ్చాక ఆ ఇరుకు సావడి ఇంకా ఇరుకైనట్టనిపించింది. కోడ్ మాటలయ్యాక, బొమ్మల కొలువు ఉన్న పెట్టె కాసిల్దా ముందు పెట్టింది. పశువుల పాక, ఎద్దు, గాడిద, గొర్రెల కాపరులు, మరియమ్మ, యోసేపు, మధ్యలో గడ్డితొట్టిలో బాలయేసు. పింగాణీ పని. అందంగా ఉంది. ఒరిసాబాలో తనను పెంచిన సన్యాసినులు సరిగ్గా ఇలాంటిదే పెట్టేవారని చెప్పి, నవ్వి, ఒక్క మెసేజ్ పంపాలంటూ కాసిల్దాను వైఫై అడిగింది.

వంటింటి గుమ్మంలోంచి ఫెర్మిన్ వద్దని తలూపేలోపే కాసిల్దా పాస్‌వర్డ్ చెప్పేసింది. ఇంటికొచ్చిన మనిషి అడిగింది మరి.

అప్పుడు జరిగిందది. కాసిల్దా కొలువు కేసి చూసి ముఖం ముడిచింది. గడ్డితొట్టిలోంచి బాలయేసును రెండు చేతులతో పైకి తీసింది.

"ఇంకా పుట్టలేదు కదమ్మా. ఇప్పుడే పడుకోబెట్టారేం?"

"ఉండనివ్వండి దోన్యా, ఎంత బాగుందో. పండగ రోజులేగా," అంది మిరేయా. తీయొద్దన్నట్టు చెయ్యి కూడా చాపింది.

కాసిల్దా వినలేదు. బొమ్మను దూదిలో చుట్టి, సొరుగులో దుప్పట్ల అడుగున పెట్టింది. ఇరవై నాలుగు రాత్రి దాకా ఆయన అక్కడే ఉంటాడంది. మిరేయా నవ్వు చెదరలేదు. కానీ వెళ్తూ వెళ్తూ ఆ సొరుగు కేసి ఒకసారి చూసింది.

ఫెర్మిన్ మనసులో ముల్లు దిగింది. ఈ దేశంలో సన్యాసినుల చేతుల్లో పెరిగిన ఏ పిల్లకైనా తెలిసే సంగతది. ఆ రాత్రి దాకా తొట్టి ఖాళీగా ఉండాలి. పసిపిల్లలు రోజూ వెళ్ళి తొంగిచూసి, ఇంకా రాలేదని అడుగుతూ ఉంటారు. మిరేయాకు ఆ ఖాళీ తొట్టి తెలియదు. అంటే ఒరిసాబా అబద్ధం, సన్యాసినులు అబద్ధం. ఇంకేవేవి అబద్ధం?

పళ్ళ ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఇరాసెమా గొంతు మంచులా ఉంది.

"నాలుగేళ్ళ ఏజెంటు. ఒక బొమ్మ చూసి ద్రోహి అంటున్నావు."

"బొమ్మను చూసి కాదు, బొమ్మతో ఆమె వరసను చూసి."

"రుజువు తీసుకురా. నీకు దైవభక్తి ఎక్కువైందని రిపోర్టు రాయించకు."

రుజువు బట్టలుతికే గదిలో దొరికింది. పాత కంప్యూటర్ తెర మీద కొత్త అతిథి ఒకటి కనబడింది. పేరులేని పరికరం. అది బయటి ఏదో చిరునామాకు కబురు పంపాలని తలుపు తట్టడం, ఫైర్‌వాల్ పొమ్మనడం, మళ్ళీ తట్టడం. ఫెర్మిన్ వెళ్ళి సొరుగు తెరిచి, దూది విప్పి, బాలయేసును చెవి దగ్గర పెట్టుకున్నాడు. బొమ్మ వీపు గోరువెచ్చగా ఉంది. లోపల మైకు, చిన్న బ్యాటరీ, వైఫై. మిరేయా పాస్‌వర్డ్ అడిగింది దీనికోసమే. మూడిళ్ళకూ మూడు బొమ్మలు. గురువారం సాయంత్రం రొసెందో గొంతు ఏ బొమ్మకు వినబడితే, చావు ఆ ఇంటికి వస్తుంది.

ఫెర్మిన్ మళ్ళీ ఇరాసెమాకు ఫోన్ చేసి చెప్పాడు. మిరేయాను ముట్టుకోవద్దు, ముఠా మొత్తం బయటపడాలి అంది ఆమె. ఫెర్మిన్ బొమ్మను దూదిలో తిరిగి చుట్టాడు. అది ఎంత తట్టినా తన పాతపెట్టె కదలదు. ఆ రోజు కాస్త గర్వంగా భోంచేశాడు.

గర్వపడ్డవాణ్ణి దేవుడు అన్నం పూర్తిగా తిననిస్తాడా అన్నది వేరే ప్రశ్న.

*

గురువారం మధ్యాహ్నం నుంచే ఆడవాళ్ళు మొక్కజొన్న పొట్టులో పిండీ కూరా పెట్టి తమాలె చుట్టడానికి వచ్చారు. వంటిల్లంతా ఆవిరి, మొక్కజొన్న పొట్టు వాసన. ఇంటర్నెట్ ఏమైందని వచ్చిన ప్రతి మనిషీ ఒకటే సణుగుడు. కాసిల్దా చేతులు కడుక్కుని ఫెర్మిన్ దగ్గరికి వచ్చి కోపమంతా వెళ్ళగక్కింది.

"నా పరువు తీశావు. ఈ వీధిలో ఇన్నేళ్ళలో నన్ను పిసినారి అన్నవాళ్ళు లేరు. అన్ని ఇళ్ళూ మాట్లాడుకుంటున్నాయి, నోరు పడిపోయినది నా ఇల్లొక్కటేనట."

ఫెర్మిన్ చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

నోరు పడిపోయిన ఇల్లు. మూడు బొమ్మల్లో రెండు హాయిగా ముఠాకు కబుర్లు చేరవేస్తున్నాయి. ఒక ఇంట్లో పోలీసులు పేకాడుతుంటారు, ఇంకో ఇంట్లో గురకపెడుతుంటారు. మూడోదాన్నుంచి ఒక రోజంతా చప్పుడు లేదు. ఎవరింట్లో ఏమీ లేదో వాడు ఇంత గట్టిగా గడియ వేసుకుంటాడా? వాళ్ళకు రొసెందో గొంతు వినబడనక్కర్లేదు. ఈ నిశ్శబ్దమే వాళ్ళకు ఇంటి నంబరు చెప్పేసింది. పకడ్బందీగా మూసి, తనే దారి చూపించాడు.

పారిపోవడానికి వేళ లేదు. వీధి చివర ఒక పాల వ్యాను పొద్దున్నించీ కదలకుండా ఉంది.

ఫెర్మిన్ పాతపెట్టె ముందు కూర్చుని నియమాలన్నీ తిరగరాశాడు. వీధివాళ్ళ ఫోన్లకు దారి తెరిచాడు. వంటింట్లో ఒక్కసారిగా ఫోన్లన్నీ గణగణలాడాయి. పేకాట ఇంటికి, తన కంప్యూటర్‌కు మధ్య ఎవరూ తొంగిచూడలేని గొట్టంలాంటి దారి ఒకటి వేశాడు. రొసెందో మాట్లాడేది జడ్జిగారికి వెళ్తూనే, ఆ గొట్టంలోంచి పేకాట ఇంటికీ వెళ్తుంది. అక్కడి పోలీసులు స్పీకర్‌ను తమ బాలయేసు పక్కన పెట్టుకుంటారు. ముఠాకు రొసెందో ఆ ఇంట్లో మాట్లాడుతున్నట్టు వినబడుతుంది.

మిగిలింది ఇక్కడి బొమ్మ. అది మాట్లాడాలి. మామూలు ఇల్లు మాట్లాడినట్టు. దాన్ని ఆడవాళ్ళ మధ్య, తొట్టిలో పడుకోబెట్టాలి.

కాసిల్దా ససేమిరా అంది. తన తల్లి పెట్టలేదు, తల్లి తల్లి పెట్టలేదు. లోపల దెయ్యాల మైకు ఉన్నా సరే, పైన రూపం ఆయనదే. తేదీ రాకుండా తొట్టిలో పెట్టడం తన వల్ల కాదు.

"మీ రొసెందో ప్రాణం పోతుందమ్మా," అన్నాడు ఫెర్మిన్.

ఆమె కుర్చీలో కూలబడింది. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, తిట్టో తెలియలేదు. రొసెందోను నెలల పిల్లాడప్పుడు తెచ్చుకుంది. వాడు తప్ప ఆమెకు ఈ లోకంలో ఎవరూ లేరు. కాసేపటికి లేచి, సొరుగులోంచి బొమ్మ తీసి, దూది విప్పింది. తొట్టి దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. బొమ్మను పొట్టకు ఆనించుకుని, పైన శాలువా కప్పుకుంది.

"తొట్టిలో పెట్టను. పుట్టక ముందు బిడ్డ ఉండేది ఇక్కడేగా."

అలాగే వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కూర్చుని, తమాలెలో కొవ్వు ఎక్కువైందని ఒకామెను దెప్పడం మొదలుపెట్టింది. ఫెర్మిన్ బొమ్మకూ దారి తెరిచాడు. నీటికాకి ముఠా ఆ దెప్పుళ్ళన్నీ శ్రద్ధగా విన్నది.

*

ఆరవుతుండగా వీధిలో పాట వినిపించింది. కొవ్వొత్తులు, గొడుగులు, పల్లకీలో మరియమ్మా యోసేపూ. లోపలి గదిలో రొసెందో కెమెరా ముందు కూర్చుని ప్రమాణం చేశాడు. పాతపెట్టె వెనకనున్న పచ్చదీపం గబగబా కొట్టుకోసాగింది. అది కొట్టుకుంటోందంటే అతని మాట జడ్జిగారికి చేరుతోందన్నమాట.

పాల వ్యాను కదిలి, పేకాట ఇంటి వైపు వెళ్ళిపోయింది. కొద్దిసేపట్లో ఇరాసెమా నుంచి మెసేజ్ వచ్చింది. నలుగురు దొరికారు. మిరేయా లేదు.

బట్టలుతికే గదిలో పాతపెట్టె ముందున్న ఫెర్మిన్ ఫోన్ నుంచి తల ఎత్తాడు. ఎదురుగా, బట్టలారేసే మేడమీద నుంచి దిగే ఇనుప మెట్లమీద మిరేయా ఉంది. చెప్పులు ఎడమ చేతిలో, పిస్తోలు కుడి చేతిలో. ఎర్రకోటు తడిసి నల్లబడింది.

"ఒక రోజంతా మూగబోయిన ఇల్లు, సాక్ష్యం ముందు సరిగ్గా గంటసేపు తమాలె గురించి మాట్లాడితే ఎలా ఫెర్మిన్? నా మగాళ్ళు మూర్ఖులు. నమ్మి పోయారు."

"చేతిలో చెప్పులు పట్టుకుని వచ్చావు. ఒరిసాబా సన్యాసినులు నేర్పారా?"

ఆమె నవ్వలేదు. కంప్యూటర్ కేసి పిస్తోలు చూపించింది.

"అదేనా? ఈ డొక్కు పెట్టె కోసం నా నలుగురు మనుషులు పోయారా? తీగ పీకు. నువ్వే పీకు, నా గోళ్ళు పాడవుతాయి. తర్వాత ఆ తీగ ఏ గదికి పోతుందో ఇద్దరం కలిసి చూద్దాం."

పచ్చదీపం కొట్టుకుంటూనే ఉంది. రొసెందో ఇంకా రేవు గురించి, క్రేన్ల గురించి చెబుతున్నాడు. నాయకుడి పేరు చివర్న. వీధి తలుపు దగ్గర కాసిల్దా గొంతు వినబడుతోంది, చోటు లేదు పొమ్మని. అప్పటికి మూడోసారి అదే చరణం పాడుతోంది. బయట తుంపరలో తడుస్తున్న జనం నవ్వుతూ గొణుగుతున్నారు. ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని, సాక్ష్యం అయ్యేదాకా పాట సాగదీయమని ఆమెకు చెప్పింది ఫెర్మినే.

మిరేయా పిస్తోలు అతని నుదుటికి ఆనించింది. వేలు బిగుసుకుంది.

రెండు రోజులుగా అతను మూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు గొంతెత్తి ఒక్కమాట అన్నాడు.

"దోన్యా, తలుపు తీసెయ్యండి."

పాట సగంలో ఆగింది. గడియ తీసిన చప్పుడు. మరుక్షణం వీధంతా ఇంట్లోకి వచ్చేసింది. కొవ్వొత్తులు, గొడుగులు, చంకలో పిల్లలు, ప్రవేశ గీతం అందుకున్న అరవై గొంతులు. వెచ్చదనం కోసం సగంమంది తిన్నగా వంటింటి వైపు, అక్కణ్ణుంచి బట్టలుతికే గది దాకా తోసుకొచ్చారు. నాలుగేళ్ళ అలవాటు, జనాన్ని చూడగానే మిరేయా చెయ్యి దానంతటదే పిస్తోలును కోటు జేబులో దాచేసింది. ఆ చెయ్యి మళ్ళీ జేబులోకి వెళ్ళేలోపే ఒక ముసలామె ఆ చేతిలో వెలిగించిన కొవ్వొత్తి పెట్టింది. పాపం తడిసిపోయావు తల్లీ అంటూ ఇంకొకామె చెప్పులు లాక్కుని, రెండో చేతిలో పొగలుగక్కే పళ్ళ పానకం, పొంచె గ్లాసు పెట్టింది. గ్లాసు నిండుగా ఉంది. జనం అటూ ఇటూ ఒరుసుకుంటున్నారు. ఆమె కదిలితే ఒంటిమీద ఒలుకుతుంది.

ఫెర్మిన్ ఆమె జేబులోంచి పిస్తోలు తీసుకున్నాడు. పొరుగువాళ్ళెవరూ గమనించలేదు.

పచ్చదీపం ఒకసారి గట్టిగా కొట్టుకుని, నెమ్మదించింది. లోపలి గది తలుపు తెరుచుకుంది. రొసెందో గుమ్మంలో నిలబడ్డాడు, ముఖం పాలిపోయి, చెమటతో.

"చెప్పేశాను అత్తా. రాసుకున్నానన్నారు జడ్జిగారు."

కాసిల్దా శాలువాలో బొమ్మను ఒక చేత్తో అదిమి పట్టుకుని, రెండో చేత్తో అతని తల దగ్గరికి లాక్కుంది. తర్వాత ఫెర్మిన్ కేసి తిరిగి, బొమ్మ తెచ్చిన ఆ ఆడమనిషి అసలు ఎవరని కళ్ళతోనే అడిగింది. అతను చెప్పాడు. ఆమె చాలాసేపు మిరేయానే చూసింది. ఆ చూపులో క్షమ ఉందా లేదా అంటే, చెప్పడం కష్టం. చోటివ్వని ఇళ్ళవాళ్ళను మనం ఏటా పాటలో తిట్టుకుంటాం. ఇంట్లోకి ఎవరు వచ్చారో తెలిశాక ఏం చేయాలో ఆ పాటలో లేదు.

ఇరాసెమా కారు సందు చివర ఆగింది. మిరేయా చేతులకు బేడీలు వేసి, పైన ఎర్రకోటు కప్పి, ఫెర్మిన్ నడిపించుకెళ్తున్నాడు. వెనక నుంచి కాసిల్దా వచ్చి వేడి తమాలె పొట్లం మిరేయా చేతుల్లో పెట్టింది.

"నా ఇంటికొచ్చి ఆకలితో పోయినవాళ్ళు లేరు," అని వెనుదిరిగింది.

కారు మలుపు తిరగకముందే మిరేయా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. తర్వాత ఆఫీసు దాకా దారిపొడుగునా ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పశ్చాత్తాపమని ఇరాసెమా రిపోర్టులో రాసుకుంది. ఆ పొట్లంలో మిరపకాయలు ఎన్ని పడ్డాయో తమాలె చుట్టిన ఆడవాళ్ళకు తెలుసు.